గడువు ఏడాది ముందే వచ్చింది

(ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాత రూపం)

ప్రిన్సిపల్ గారికి, అధ్యాపకులకి, ఇక్కడ కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం.

మీలో చాలామంది 2000 తర్వాత పుట్టినవాళ్ళు. వైటూకే అంటే, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కేస్తాయన్న సమస్య. ఆ మాట మీ నాన్నగారి నోటో బాబాయి నోటో విని ఉంటారు. "వైటూకే టైములో అమెరికా వెళ్ళాడు" అని మన ఊళ్ళల్లో ఒక తరం గురించి చెప్పుకుంటారు. నేను ఆ తరం మనిషిని. 1997లో అమీర్‌పేటలో గది తీసుకుని కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఆ ప్రోగ్రాముల్ని పెద్ద కంప్యూటరు మీద నడిపించే జేసీఎల్ నేర్చుకున్నాను. 1998 వేసవిలో అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు ప్రోగ్రామరుగా చేరాను. ఉద్యోగం పోయినవాళ్ళకి కొన్నాళ్ళపాటు ప్రభుత్వం భృతి ఇస్తుంది అక్కడ. పెద్ద ఆఫీసులు వాడే భారీ కంప్యూటర్లని మెయిన్‌ఫ్రేమ్‌లంటారు. ఆ భృతి లెక్కలు చూసే మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ని 2000 సంవత్సరానికి సిద్ధం చెయ్యడం మా టీము పని.

నన్ను ఇక్కడికి పిలిచిన సార్ ఫోన్లో ఒక మాట అన్నారు. "అదంతా హడావుడే కదండీ, చివరికి ఏమీ కాలేదు కదా" అని. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఈ మాట నేను పాతికేళ్ళుగా వింటున్నాను, విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. అందుకే వచ్చాను. ప్రపంచం మొత్తం సంగతి చెప్పను. అమెరికా ప్రభుత్వ కంప్యూటర్లలో ఏం జరిగిందో, అందులో నేను చూసినదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ చెప్తాను.

సమస్య మీకు తెలిసిందే. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు. 1965 అంటే 65. మరి 2000 అంటే 00, అంకెల్లో అన్నిటికంటే చిన్నది. అలా రాసిన వాళ్ళకి ముందుచూపు లేదని ఇప్పుడు అందరూ సులువుగా అనేస్తారు. నేను అనను. పంచ్ కార్డు మీద ఉండేవి 80 గళ్ళు. మనిషి పేరు, నంబరు, పుట్టిన తేదీ, జీతం, చేరిన తేదీ, అన్నీ ఆ 80 గళ్ళలో ఇరికించాలి. ఒక్కో తేదీకి రెండు గళ్ళు మిగిలితే అది చాలా పెద్ద ఆదా. కార్డులు పోయి టేపులు వచ్చాయి, టేపులు పోయి డిస్కులు వచ్చాయి, కానీ ఫైళ్ళ అమరిక మాత్రం పాతదే. ఎందుకంటే ఆ ఫైలుని చదివే ప్రోగ్రాములు అప్పటికే వందల్లో ఉన్నాయి. 1968లో అమెరికా ప్రభుత్వమే తన శాఖల మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ఆరంకెల తేదీని ప్రమాణంగా పెట్టింది. సంవత్సరానికి రెండు, నెలకి రెండు, రోజుకి రెండు. ఇది చిక్కు తెస్తుందని బాబ్ బీమర్ అనే ఆయన 1971లోనే రాశాడు. అప్పటికి ఇంకా 29 ఏళ్ళుంది. ఎవరు వింటారు?

ఒక లెక్క చెప్తాను. బోర్డు మీద రాస్తున్నాను, చూడండి. 1935లో పుట్టిన ఒకావిడ ఉంది. 2000లో ఆవిడకి 65 నిండుతాయి. అప్పుడు అక్కడ పూర్తి పింఛను వచ్చే వయసు అదే. కంప్యూటరు ఏం చేస్తుంది? 00లోంచి 35 తీసేస్తుంది. మైనస్ 35 వస్తుంది. కోబాల్లో ఆ ఫీల్డుని ప్లస్, మైనస్ గుర్తు లేని సంఖ్యగా రాసి ఉంటే మైనస్ నిలవదు, ఊరికే 35 అని మిగులుతుంది. ప్రోగ్రాము ఆగదు. ఎర్రర్ రాదు. ఆవిడ వయసు 35, పింఛనుకి అర్హురాలు కాదు అని తేల్చేసి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోతుంది.

భయపడాల్సింది దీనికే. ప్రోగ్రాము మధ్యలో పడిపోతే మాకు పెద్ద బెంగ ఉండేది కాదు. సాక్ సెవెన్ అని ఒక ఎర్రర్ కోడ్ ఉంటుంది, అంకె ఉండాల్సిన చోట చెత్త ఉంటే వస్తుంది. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, లేచి వెళ్తాం, డంప్ (పడిపోయిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు) చూసి సరిచేస్తాం. పడిపోకుండా తప్పు జవాబు చెప్పే ప్రోగ్రాముని మాత్రం ఎవరూ నిద్ర లేపి చూపించరు. ఆ తప్పు కనబడేది తపాలా పెట్టె తెరిచి, చెక్కు లేదని చూసుకునే మనిషికి.

ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ సంగతి. వృద్ధులకి, వికలాంగులకి, చనిపోయినవారి కుటుంబాలకి నెలనెలా డబ్బు పంపే సంస్థ అది. అప్పట్లో నాలుగు కోట్లకు పైగా జనం దాని మీద ఆధారపడి ఉన్నారు. 1989లో అక్కడ ఒక చిన్న ప్రోగ్రాము తేడా చేసింది. ఎవరికైనా పొరపాటున ఎక్కువ డబ్బు వెళితే, దాన్ని వాయిదాల మీద వెనక్కి రాబట్టే లెక్క అది. వాయిదాలు 1999 దాటేసరికి లెక్క కుదరలేదు. ఇంకా పదకొండేళ్ళు టైముంది. ఆ ఒక్క ప్రోగ్రాముని సరిచేసి ఊరుకోవచ్చు. వాళ్ళు ఊరుకోలేదు. ఇది ఇక్కడే ఉందా, అంతటా ఉందా అని వెతికారు. అంతటా ఉంది. మూడు కోట్లకు పైగా లైన్ల కోడ్ అది. అప్పటి నుంచే మొదలుపెట్టారు కాబట్టి, 1996లో పార్లమెంటు కమిటీ ప్రభుత్వ శాఖలకి మార్కులు వేసినప్పుడు సోషల్ సెక్యూరిటీకి అన్నిటికంటే పై గ్రేడు, 'ఏ', వచ్చింది.

మార్కులు అన్నాను కదా, అది నిజంగానే మార్కులు. కాలిఫోర్నియా నుంచి ఎన్నికైన స్టీఫెన్ హార్న్ అనే సభ్యుడు ఒక ఉపసంఘానికి అధ్యక్షుడు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన ప్రొఫెసరు, యూనివర్సిటీ అధ్యక్షుడు కూడా. శాఖలన్నిటికీ స్కూలు పిల్లలకి ఇచ్చినట్టు ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చి, పేపర్లలో వేయించేవాడు. 1998 మధ్యలో ప్రభుత్వం మొత్తానికి వచ్చింది ఎఫ్. మంత్రులు ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలియదు కానీ, మా ఆఫీసులో మాత్రం ఆ కార్డు జిరాక్సు కాపీ కాఫీ మెషీన్ పైన అంటించి ఉండేది. 1999 నవంబరుకి ప్రభుత్వానికి బీ ప్లస్ వచ్చింది. నా అభిప్రాయంలో ఆ పని వేగం అందుకోవడానికి ఈ మార్కులు చాలా సాయపడ్డాయి. వెయ్యి పేజీల నివేదిక చదవని పెద్దలు కూడా ఎఫ్ అనే ఒక్క అక్షరం చదువుతారు.

మళ్ళీ సోషల్ సెక్యూరిటీకి వస్తాను. అందరికంటే ముందు మొదలుపెట్టిన ఆ సంస్థ కూడా ఒకటి వదిలేసింది. మన కాగ్ లాంటి తనిఖీ సంస్థ అక్కడ జనరల్ అకౌంటింగ్ ఆఫీసు, పొట్టిగా జీఏఓ. 1997లో వాళ్ళు వెళ్ళి చూస్తే, వైకల్య పింఛనుకి ఎవరు అర్హులో తేల్చే ఆఫీసుల కంప్యూటర్లు మొదటి జాబితాలోనే లేవు. ఎందుకు లేవు? ఆ ఆఫీసులు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. డబ్బు కేంద్రానిది, కంప్యూటరు రాష్ట్రానిది. మావి కావు కదా అనుకున్నారు. కానీ ఆ కంప్యూటరు తప్పు చెబితే డబ్బు ఆగేది ఎవరికి?

ఇది అర్థం కావాలంటే ఒక చెక్కు ఎలా ప్రయాణం చేస్తుందో చూడండి. సోషల్ సెక్యూరిటీ లెక్క వేస్తుంది, కానీ డబ్బు ఇవ్వదు. ఎవరికి ఎంత అనే ఫైలు తయారుచేసి ఖజానా శాఖకి పంపుతుంది. ఖజానా శాఖలో ఒక విభాగం చెల్లింపులు సిద్ధం చేస్తుంది. బ్యాంకు ఖాతాలోకి వెళ్ళేవి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు మీదుగా బ్యాంకులకి వెళ్తాయి. కాగితం చెక్కులైతే తపాలా శాఖకి వెళ్తాయి. ఈ ఐదారు చేతుల్లో ఏ ఒక్కటి సిద్ధంగా లేకపోయినా, మిగతా వాళ్ళకి 'ఏ' గ్రేడు వచ్చినా ముసలావిడ చేతికి డబ్బు రాదు. 1998 డిసెంబరు 28న అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా "సోషల్ సెక్యూరిటీ సిద్ధం" అని ప్రకటించాడంటే, ఈ గొలుసు మొత్తం కలిశాకనే.

మా నాన్న పోయాక అమ్మకి ఫ్యామిలీ పింఛను వచ్చేది. అది రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఆవిడ గుమ్మంలో కూర్చునేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు, ఊరికే కూర్చునేది. నేను ఆ ప్రోగ్రాములు చూస్తున్నంత కాలం ఆవిడ నాకు గుర్తుకొస్తూనే ఉండేది.

ఇక మా పని. 2000కి ఇంకా ఏడాదిన్నర ఉంది కదా అనుకుంటూ నేను ఆ శాఖలో అడుగుపెట్టాను. మొదటి రోజే మా టీము పెద్ద, ఆ శాఖలో దాదాపు ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒకావిడ, తెల్లబోర్డు మీద ఒక తేదీ రాసింది. 1999 జనవరి 4. "మన గడువు ఇది" అంది.

ఎందుకంటే, నిరుద్యోగ భృతికి ఎవరైనా దరఖాస్తు పెడితే, ఆ రోజు నుంచి 52 వారాలు వాళ్ళ భృతి సంవత్సరం. 1999 జనవరి మొదటి వారంలో పెట్టిన దరఖాస్తుకి ఆ సంవత్సరం ముగిసేది 2000 జనవరిలో. మొదలు 99, చివర 00. మొదలుకంటే చివర చిన్నది. ప్రోగ్రాము చూసి, ఈ మనిషి భృతి ఎప్పుడో అయిపోయింది అంటుంది. పండగ సెలవులు అవ్వగానే, ఉద్యోగాలు పోయినవాళ్ళు ఎక్కువగా వచ్చే వారం అది. ప్రపంచమంతా 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి కోసం ఎదురుచూస్తోంది. దేశంలోని అన్ని రాష్ట్రాల నిరుద్యోగ భృతి సిస్టములకీ ఆ అర్ధరాత్రి ఏడాది ముందే వచ్చేసింది. ఈ సంగతి పేపర్లలో పెద్దగా రాలేదు, ఇప్పటికీ చాలామందికి తెలియదు. తేదీ తప్పు ఆ తేదీనాడే బయటపడాలని లేదు. ముందుకు చూసి లెక్కవేసే ప్రతి ప్రోగ్రాముకీ అది ముందే వస్తుంది. ఐదేళ్ళ లైసెన్సు ఇచ్చే ఆఫీసుకి ఐదేళ్ళ ముందు, పదేళ్ళ వాయిదాలు కట్టించుకునే ఆఫీసుకి పదేళ్ళ ముందు.

మాకు ఆరునెలలే ఉంది. కోడ్ మార్చడమే పెద్ద పని అనుకున్నాను. కాదు. పెద్ద పని జాబితా. ఆ శాఖలో ఎన్ని ప్రోగ్రాములున్నాయో ఎవరికీ కచ్చితంగా తెలియదు. కొన్ని ప్రోగ్రాములు నడుస్తున్నాయి, కానీ వాటి సోర్స్ కోడ్ దొరకదు. కొన్నిటికి సోర్స్ ఉంది, కానీ నడుస్తున్నది అదేనో కాదో తెలియదు. తేదీ ఉన్న ఫీల్డుకి తేదీ అని పేరు పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఎవరో 1974లో తన ఇష్టం వచ్చిన పొడి అక్షరాలతో పేరు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పేరుతో వెతికితే దొరకదు. చదవాలి. లైను లైను చదవాలి. మా టీము పెద్దావిడ దగ్గర ఒక బౌండు నోట్‌బుక్ ఉండేది. మేము ఏ ఫైలు చూపించినా ఒకటే ప్రశ్న అడిగేది: "దీన్ని ఇంకెవరు చదువుతారు?" తెలియదంటే ఆ ఫైలు పక్కన పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టేది. ఆ సున్నాలన్నీ పోయేదాకా మమ్మల్ని ఇంటికి పంపేది కాదు. ఏడాదికి ఒక్కసారి మాత్రమే నడిచి, పన్నుల శాఖకి ఒక టేపు పంపే ప్రోగ్రాము అలాగే బయటపడింది. అది నా జాబితాలో లేదు.

జీఏఓ ఈ పనిని ఐదు దశలుగా విడదీసి శాఖలకి ఒక మార్గదర్శిని ఇచ్చింది: గుర్తించడం, అంచనా వెయ్యడం, మార్చడం, పరీక్షించడం, అమల్లో పెట్టడం. చదివితే పాఠ్యపుస్తకంలా ఉంటుంది. కానీ దశలు ఏవైనా, డబ్బు పోయేది అంచనా తప్పినప్పుడే. 1997 ఫిబ్రవరిలో ఫెడరల్, అంటే కేంద్ర, ప్రభుత్వం మొత్తానికి 230 కోట్ల డాలర్లు సరిపోతాయన్నారు. చివరికి దాదాపు 850 కోట్లు అయింది. లంచాల వల్ల కాదు, దుబారా వల్ల కూడా ముఖ్యంగా కాదు. వెతికేకొద్దీ జాబితా పెరిగింది.

ఇక కోడ్ మార్చడానికి రెండు దారులు. ఒకటి, రెండంకెల్ని నాలుగంకెలు చెయ్యడం. అది సరైన దారి, కానీ ప్రతి ఫైలూ పొడవు మారుతుంది, దాన్ని చదివే ప్రతి ప్రోగ్రామూ మారాలి. రెండోది కిటికీ పద్ధతి. ఫైలుని ముట్టుకోరు. 50కంటే చిన్నదైతే 2000ల్లోది, 50 గానీ ఆపైన గానీ ఉంటే 1900ల్లోది అని ప్రోగ్రాములో రెండు లైన్లు రాస్తారు. చౌక, త్వరగా అవుతుంది. మేమూ చాలా చోట్ల ఇదే చేశాం, టైము లేక. కానీ దీనికి రెండు చిక్కులున్నాయి. పుట్టిన తేదీలకి పనికిరాదు, ఎందుకంటే 1898లో పుట్టి పింఛను తీసుకుంటున్న ముసలివాళ్ళు అప్పటికి బతికే ఉన్నారు. రెండోది ఇంకా ప్రమాదం. మా శాఖ గీత 50 దగ్గర గీసుకుంది, పక్క శాఖ 30 దగ్గర గీసుకుంది అనుకోండి. 40 అనే సంఖ్య మా దగ్గర 2040, వాళ్ళ దగ్గర 1940. రెండు శాఖలూ విడివిడిగా పరీక్షలో పాసవుతాయి. రెంటి మధ్య ఫైలు వెళ్ళినప్పుడు మనిషి వయసు వందేళ్ళు తేడా వస్తుంది. అందుకే ఏ శాఖ ఎవరికి ఏ రూపంలో ఇస్తుందో కాగితం మీద రాసి సంతకాలు పెట్టించేవాళ్ళు. మనకి విసుగ్గా కనబడే ఆ కాగితాలే చాలా ఫైళ్ళని కాపాడాయి.

కిటికీ పద్ధతిలో గీత 20 దగ్గర గీసినవాళ్ళూ ఉన్నారు. 20 ఏళ్ళ తర్వాత ఈ సిస్టమ్ ఉండదులే అనుకున్నారు. అచ్చం ఈ గీతే కాకపోయినా, సాఫ్ట్‌వేర్లో ఎప్పుడో పెట్టిన ఒక గడువు తేదీ తీరి, 2020 జనవరి 1న న్యూయార్క్ నగరంలో పార్కింగ్ మీటర్లు కార్డులు తీసుకోవడం మానేశాయి. మీటరు మీటరుకీ మనుషులు వెళ్ళి సరిచేశారు.

పరీక్షల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీరు చేరబోయే ప్రతి ప్రాజెక్టులోనూ దీనికే టైము కోస్తారు. మొత్తం పనిలో సగం నుంచి 70 శాతం దాకా పరీక్షలకే పోవచ్చని జీఏఓ అప్పుడే చెప్పింది. మాకూ అంతే అయింది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక భాగాన్ని విడిగా వేరు చేసి, దాని గడియారాన్ని 2000లోకి జరిపి, మొత్తం బ్యాచ్, అంటే రాత్రిపూట వరసగా నడిచే ప్రోగ్రాములన్నీ, నడిపించాలి. అసలు మెషీన్ మీద ఈ పని చెయ్యకూడదు. ఎందుకో వినండి. గడియారం జరపగానే సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గడువు తీరిపోతుంది. పాస్‌వర్డులన్నీ పాతబడతాయి. అన్నిటికంటే ఘోరం టేపులు. ఐబీఎం మెషీన్లలో టేపు మీద గడువు తేదీగా 99365 అని వేస్తే, 99వ సంవత్సరం 365వ రోజు అని అర్థం కాదు. "ఎప్పటికీ చెరపొద్దు" అని అర్థం. ఏళ్ళ తరబడి అలా వాడారు. ఆ వాడుక తెలియని ప్రోగ్రాము దాన్ని నిజం తేదీగా చదివితే, 2000 రాగానే, ఎప్పటికీ ఉంచాల్సిన టేపుల్నే చెరపొచ్చని తీసుకుంటుంది. అలాంటి టేపుల పేర్లు పట్టుకుని మా వాళ్ళు రాత్రిళ్ళు టేపుల లైబ్రరీలో ఒక్కొక్క డబ్బా లేబులు చూశారు.

1999 జనవరి 4 వచ్చింది. మేము దాటాం. కొన్ని రాష్ట్రాలు పూర్తి కాక, భృతి సంవత్సరం ముగింపుని తాత్కాలికంగా 1999 డిసెంబరు 31 అని వేసి గట్టెక్కాయి, తర్వాత సరిచేసుకున్నాయి. అది మోసం కాదు, మంచి ఆలోచన. ముందే రాసి పెట్టుకున్న ప్రత్యామ్నాయం అది. చెల్లింపు ఆగలేదు. ప్రభుత్వ పనిలో అదే మొదటి లెక్క.

వాషింగ్టన్‌లో ఈ పనంతటినీ కలిపి నడిపించిన ఆయన జాన్ కోస్కినెన్. 1998 ఫిబ్రవరిలో క్లింటన్ ఒక మండలి వేసి ఆయన్ని అధ్యక్షుడిగా పెట్టాడు. పెద్ద ఆఫీసు పెట్టకుండా, శాఖల వాళ్ళనీ కంపెనీల వాళ్ళనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. అప్పుడొక చిక్కు వచ్చింది. "మా సామాను 2000కి పనిచేస్తుందో లేదో" చెప్పడానికి కంపెనీలు నోరు విప్పేవి కావు. చెప్పింది తప్పైతే కోర్టుకి లాగుతారని భయం. 1998 అక్టోబరులో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. నిజాయితీగా నమ్మి చెప్పిన మాట తర్వాత తప్పని తేలినా, దాని మీద కేసు వెయ్యడం కష్టమయ్యేలా రక్షణ ఇచ్చారు. ఆ తర్వాతే సమాచారం బయటికి రావడం పెరిగింది. 1999 మార్చి 31 గడువు నాటికి, ఆరు వేలకు పైగా ఉన్న అతి ముఖ్యమైన ఫెడరల్ సిస్టముల్లో 92 శాతం సిద్ధమయ్యాయి.

1999 డిసెంబరు 31 రాత్రి మేము డేటా సెంటర్లోనే ఉన్నాం. భోజనాలు తెప్పించుకున్నాం. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ అధిపతి జేన్ గార్వీ ఆ రాత్రి విమానంలోనే ఉందని టీవీలో చెప్పారు. తన శాఖ చేసిన పని మీద ఆవిడకి అంత నమ్మకం. అర్ధరాత్రి దాటింది. బ్యాచ్ మొదలైంది. ఒక్కో జాబ్ అయిపోతుంటే తెర మీద రిటర్న్ కోడ్ సున్నా, సున్నా, సున్నా అని వస్తోంది. సున్నా అంటే తప్పు లేకుండా ముగిసిందని. తెల్లవారుజామున నాలుగింటికి చివరిది అయింది. మా పెద్దావిడ తన నోట్‌బుక్ మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరం చాలా అలిసిపోయి ఉన్నాం.

ఏమీ జరగలేదా? జరిగాయి. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ, దేశానికి అధికారిక సమయం చెప్పే సంస్థ, దాని వెబ్ పేజీలో సంవత్సరం 19100 అని కనబడింది. మీరు సీ భాషలో ఇప్పటికీ చూసే తప్పే. సంవత్సరం అడిగితే 1900 నుంచి ఎన్నేళ్ళయిందో చెబుతుంది, 100 అని. దాని ముందు 19 అతికించారు. గూఢచారి ఉపగ్రహాల సమాచారాన్ని చదివే భూకేంద్రం కొన్ని గంటలు పనిచెయ్యలేదు. రక్షణ శాఖే తర్వాత ఒప్పుకుంది. వైటూకే కోసం చేసిన మార్పే దాన్ని పడగొట్టింది. పరీక్షలకి అంత టైము ఎందుకని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

అమెరికా బయట జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండులో షెఫీల్డ్ నగరంలో ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబు. గర్భిణులకి రక్తపరీక్ష చేసి, పుట్టబోయే బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ప్రమాదం ఎంతో చెప్పే కంప్యూటరు. అందులో తల్లి వయసు ముఖ్యం. 2000 జనవరి నుంచి మే దాకా అది వయసు తప్పు లెక్కేసింది. 150 మందికి పైగా స్త్రీలకి తప్పు ఫలితం వెళ్ళింది. ప్రమాదం ఉన్నవాళ్ళకి లేదని చెప్పింది. నేను ఇందాక బోర్డు మీద రాసిన లెక్క లాంటిదే, వయసు తప్పిపోయిన లెక్క. ప్రోగ్రాము ఆగలేదు, ఎర్రర్ రాలేదు. నాలుగు నెలలకు పైగా ఆ తప్పు పట్టుబడలేదు. ఏమీ కాలేదనే మాట ఆ తల్లుల ముందు అనగలమా?

మన వాళ్ళ గురించి కూడా చెప్పాలి. 1998లో అమెరికా హెచ్1బీ వీసాల పరిమితిని 65 వేల నుంచి లక్షా 15 వేలకి పెంచింది, 1999, 2000 సంవత్సరాలకి. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మన పిల్లలు ఎంతోమంది ఆ దారిలో వెళ్ళారు. మెయిన్‌ఫ్రేమ్ కంటితో చూడకుండా పుస్తకం మీద జేసీఎల్ నేర్చుకున్నవాళ్ళున్నారు. అక్కడికి వెళ్ళాక రాత్రింబవళ్ళు చదివి నిలబడ్డారు. పని అయిపోయాక, 2001లో ఉద్యోగాలు పోయి వెనక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు రాసిన కోడ్ ఇంకా కొన్ని చోట్ల నడుస్తోంది. అందులో వాళ్ళ పేర్లు కామెంటు లైన్లలో ఉంటాయి, తెలుగు ఇంటిపేర్లు. నేను చూశాను.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, 2038 సమస్య అంటారు కదా, అదీ ఇలాంటిదేనా? దానికి ఇంకా టైముంది కదా?)

మంచి ప్రశ్న అమ్మా. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి, ఆ సంఖ్యని 32 బిట్లలో దాచుకునే సిస్టములకి 2038 జనవరి 19న చోటు అయిపోతుంది. ఆ తర్వాత సంఖ్య మైనస్‌లోకి వెళ్ళి 1901 చూపిస్తుంది. కొత్త మెషీన్లలో 64 బిట్లు వాడుతున్నారు, వాటితో చిక్కు లేదు. పాత డేటాబేసుల్లో, ఫైళ్ళ అమరికల్లో, చిన్న చిన్న పరికరాల్లో 32 బిట్లు ఇంకా ఉన్నాయి. టైముంది కదా అన్నావు. ఇరవై ఏళ్ళ ఇంటి అప్పు వాయిదాలు లెక్కేసే ప్రోగ్రాముకి ఆ తేదీ 2018లోనే వచ్చేసింది. ఇప్పుడు ఉద్యోగంలో చేరే పాతికేళ్ళ మనిషి రిటైరయ్యే తేదీ లెక్కేసే ప్రోగ్రాముకి ఎప్పుడో వచ్చేసింది. మా జనవరి 4 లాగే.

(అదే విద్యార్థిని: మా ల్యాబులో ఉన్నవాటిలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది సార్?)

ల్యాబులో పక్కన పడేసిన పాత మెషీన్లు రెండు మూడున్నాయని మీ సార్ చెప్పారు. ఎవరి పనీ లేని మెషీన్ కావాలి, నెట్‌వర్క్ వైరు తీసెయ్యాలి, లోపలున్నది ముందు కాపీ చేసుకోవాలి. తర్వాత గడియారాన్ని 2038 జనవరి 18 రాత్రికి జరుపుదాం. ఒక నోట్‌బుక్ పట్టుకో, ఏ ప్రోగ్రాము ఏమంటుందో రాసుకుందువుగాని. టీ తాగి రండి, అందరం అక్కడికే వెళ్దాం.